ప్రాత యింటికి క్రొత్త రంగు: ముందు చేయవలసిన పనులు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన సామెత అందరు నెరిగినదే. ఈ రెంటికి మూడవది యొకటి చేర్చవలసియున్నది. కట్టిన యింటిని నిలుపుకొని చూడవలెను. ఇల్లు కట్టుట రెండు మూడేండ్ల శ్రమ. దానిని నిలుపుట రెండు మూడు తరముల శ్రమ. ఆ శ్రమలో ఐదారేండ్ల కొకసారి వచ్చు పని వెలుపలి గోడలకు రంగు వేయించుట. సంక్రాంతియో, ఉగాదియో, ఇంట శుభకార్యమో దగ్గరపడగానే యజమాని రంగుల దుకాణమునకు పోయి, అచటి పటములోని రంగులను చూచి, ఏది బాగుండునో యని ఇంటిల్లిపాదితో ఆలోచించును. ఏ రంగు వేయవలెనన్న ప్రశ్న తీరుటకు వారము దినములు పట్టును. ఆ రంగు ఎట్టి గోడపై వేయబడుచున్నదన్న ప్రశ్న మాత్రము పుట్టనే పుట్టదు. ఈ వ్యాసము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

రంగు వేయుటలో ముప్పాతిక వంతు పని రంగు డబ్బా మూత తీయక ముందే జరుగవలెనని అనుభవజ్ఞులైన పనివారందురు. ఈ మాటలో అతిశయోక్తి లేదు. సిద్ధము చేయని గోడపై వేసిన రంగు ఎంత వెల గలదైనను, రెండు వర్షాకాలములు గడచునప్పటికి పొక్కులెక్కి పెచ్చులుగా రాలును. "పైన పటారము, లోన లొటారము" అన్నమాట ఇట్టి గోడలకు చక్కగా సరిపోవును. ఇందు పోవునది ధనము మాత్రమే యైనచో ఇంత వ్రాయ నక్కరలేదు. తెలియక చేసిన పని వలన రెండు కీడులు కలుగును. ఒకటి గోడకు, రెండవది ఇంటనున్న పసిపిల్లలకు. ఈ రెంటిని గూర్చియు విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనుట అవసరము.

మన నగరమందలి ప్రాత యిండ్లు

బెంగుళూరున చిక్కపేట, బళేపేట మొదలైనవి ప్రాచీనమైన పేటలు. వానికి వెలుపల మల్లేశ్వరము, బసవనగుడి అను విస్తరణములు 19వ శతాబ్దపు చివరి దశకమున ఏర్పడినవి. 1898లో ప్లేగు వ్యాధి నగరమును పీడింపగా జనులు ఇరుకు సందులను విడిచి, గాలియు వెలుతురును గల ఈ క్రొత్త తావులకు తరలిరి. ఆ కాలపు ఇండ్లలో నేటికిని నిలిచియున్నవి కొన్ని గలవు. అడుగు, అడుగున్నర మందము గల ఇటుక గోడలు. మంగుళూరు పెంకుల కప్పు, లేక మద్రాసు మిద్దె. ముందొక వరండా, దానికి కొయ్య జాలి. కిటికీలపైన కొయ్య పలకలతో కొనదేరినట్లు కట్టిన 'మంకీ టాప్' అను చిన్న కప్పు: ఇవి వాని గుర్తులు. తరతరములుగా ఇచట నివసించుచున్న తెలుగు కుటుంబములలోను కొందరికి తాతలనాటి ఇట్టి యిల్లు గలదు.

ఈ ఇండ్ల గోడలలో సిమెంటు అరుదు. మన దేశమున సిమెంటు తయారుచేయు ప్రయత్నము 1904లో మద్రాసున జరిగినను, ఆ పరిశ్రమ నిలద్రొక్కుకొన్నది 1914లో పోరుబందరు కర్మాగారముతోనే. అటుపిమ్మట గూడ సామాన్య గృహస్థునకు సిమెంటు అందుబాటులోనికి వచ్చుటకు పెక్కేండ్లు పట్టినది. కావున 1920కి ముందు కట్టిన ఇంటిలో ఇటుకలను సున్నముతోనో, బంకమట్టితోనో పేర్చి, పైన సున్నపు గార పూసియుందురని భావింపవచ్చును. ఆ తరువాత కట్టినదైనచో పరీక్షించి తెలిసికొనవలెను.

సున్నపు గోడ స్వభావము

తెలుగున సున్నము, కన్నడమున సుణ్ణ, తమిళమున సుణ్ణాంబు. మనము గార అనుదానిని కన్నడిగులు గారె యనియు, తమిళులు కారై యనియు అందురు. మూడు భాషలవారును ఒకే పరంజాపై నిలిచి పనిచేసిన నగరమిది. మాటలు ఒక కుటుంబమువలె వినవచ్చుటలో వింత లేదు. వస్తువును ఒక్కటే, పనియు ఒక్కటే.

సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చినపుడు, నూరు పాళ్ల స్వచ్ఛమైన రాయి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువును విడిచి 56 పాళ్ల కాల్చిన సున్నముగా మారును. పలనాటి పిడుగురాళ్ల ఈ పరిశ్రమకు పేరుపొందినది. కాల్చిన సున్నముపై నీరు పోయగా అది బుసబుస పొంగి, వేడెక్కి, మెత్తని ముద్దయగును. దానిని ఇసుకతో కలిపి డంగులో నూరి గార సిద్ధము చేయుదురు. పూర్వము కరక్కాయ నీరును, బెల్లపు నీరును చేర్చుట వాడుక. గోడకెక్కిన పిమ్మట సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి గట్టిపడును. బట్టీలో పోగొట్టుకొన్న దానిని గోడపై మరల పొంది, తిరిగి రాయి యగును. రసాయనశాస్త్రమున మన పిల్లలు సమీకరణముగా వ్రాయునది ఇంటిగోడపై ప్రతిదినము జరుగుచున్న పనియే.

ఇట్లేర్పడిన గారలో కంటికి కనబడని రంధ్రములు అసంఖ్యాకముగా నుండును. వానకాలమున గోడ కొంత తేమను పీల్చును. ఎండ రాగానే దానిని ఆవిరిగా విడుచును. పైన పూసిన సున్నపు వెల్లయు అట్టిదే, తేమకు అడ్డురాదు. నూరేండ్లుగా ఆ గోడ నిలిచియుండుటకు ఇది ముఖ్యకారణము. నీరు లోనికి రాకుండుట వలన గాక, వచ్చిన నీరు వెలుపలికి పోగలుగుట వలన అది బ్రదికినది.

ఇప్పుడు ఆ గోడకు ఏమి చేయుచున్నారో చూడుడు. ఒకచోట గార ఊడగానే బలముగా నుండునని సిమెంటు పూయుదురు. దానిపై నీరు చొరదని చెప్పబడు దట్టమైన ప్లాస్టికు రంగును రెండు పూతలు వేయుదురు. నేలనుండి పైకెక్కిన తేమ, కప్పునుండి దిగిన తేమ, పగుళ్లనుండి చొరబడిన తేమ ఇక పోవుటకు దారి లేదు. ఆ నీటిలో మట్టినుండియు ఇటుకనుండియు కరిగిన లవణములుండును. నీరు ఎచట ఇంకిపోవునో అచట ఆ లవణములు స్ఫటికములుగా గట్టిపడి పెరుగును. అది రంగుపొర వెనుక జరిగినచో పొర పొక్కి లేచును. సిమెంటు వెనుక జరిగినచో మెత్తని ఇటుక పొడిపొడి యగును. దీనినే మనవారు గోడకు చవుడు పట్టినదందురు. పై సిమెంటు మాత్రము గట్టిగానే యుండి, కొన్నాళ్లకు పలకలు పలకలుగా విడిపడును.

అప్పుడు యజమాని, "గోడ ముసలిదైనది, ఇక పడగొట్టవలసినదే" యని నిశ్చయించును. వ్యాధి ఒకటి, చికిత్స మరియొకటి, ఫలితము మరణము. మన నగరమున ప్రాత యిండ్లు పోవుటకు స్థలముల వెల పెరుగుట మొదటి కారణమే యైనను, గోడల రోగమును సరిగా గుర్తింపకుండుటయు ఒక కారణమని చెప్పక తప్పదు. 1868లో పూర్తియైన అఠారా కచేరిని 1980 దశకమున కూల్చవలెనను ప్రతిపాదన వచ్చినపుడు పౌరులు కొందరు న్యాయస్థానమునకు పోయిరి. ఆ భవనము నిలిచి, నేటికిని ఎర్రని రంగుతో ఉన్నత న్యాయస్థానమునకు నెలవైయున్నది. సామాన్యుని యింటికొరకు వాదించువారు ఎవరును రారు. దానిని ఆ యింటివారే కాపాడుకొనవలెను.

నీటి జాడ తెలిసికొనుట

కావున మొదటి పని గీకుట గాదు, కడుగుట గాదు; చూచుట. మంచి వాన కురిసిన మరునాడు ఒక కాగితమును, పెన్సిలును తీసికొని ఇంటి చుట్టును మెల్లగా తిరుగవలెను. ఏ గోడ త్వరగా ఆరినది, ఏది ఆరలేదు, ఎచట పచ్చని పాచి పట్టినది, ఎచట తెల్లని ఉప్పు పూసినది, ఎచట రంగు పొక్కినది అను విషయములను గోడల పటము గీసి గుర్తింపవలెను.

పై నుండి వచ్చు నీటికి కారణములు సామాన్యముగా ఇవి: మిద్దెపై తూములలో ఆకులు నిండుట, పిట్టగోడ పైభాగము పగులుట, పెంకు జారుట, సజ్జపై నీరు నిలుచుట, చూరునీరు గోడమీదనే పడుట. క్రింది నుండి వచ్చు నీటికి కారణములు వేరు: పూలకుండీలను గోడనానించి పెట్టుట, తోటమట్టి అరుగు ఎత్తును మించి పేరుకొనుట, వాహనము నిలుపుటకై పెరటినంతయు గోడ అంచువరకు కాంక్రీటు చేయుట. పూర్వము మట్టినేలనుండి ఆవిరియై పోయిన తేమకు ఇప్పుడు గోడ యొక్కటే మార్గమగును. నేలనుండి రెండు మూడడుగుల ఎత్తు వరకు గోడ పొడుగునను చెమ్మ చార కనబడినచో ఇదియే కారణమని అనుమానింపవలెను.

గోడ పగులులో మొలచిన రావి మొక్కను పైపైన త్రుంచుట వలన లాభము లేదు. లేతదైనపుడే వేరుతో తీయవలెను. వేరు లావై లోపలికి పోయినచో బలముగా లాగరాదు. తాపీ మేస్త్రి చేత అచటి ఇటుకలను కొన్నింటిని విప్పించి, వేరు తీసి, మరల కట్టింపవలెను. ఈ లోపములన్నియు సరిచేసిన తరువాత గోడకు కొన్ని వారములు ఆరు వ్యవధి నీయవలెను. నీరు వచ్చు దారి మూయక ముందు రంగు వేయుట, పడవ చిల్లు పూడ్చక నీరు తోడుటవంటిది.

గోడను పరీక్షించుట

ఇందులకు యంత్రము లక్కరలేదు. ఒక నాణెము, ఒక చిన్న కత్తి, ఒక గిన్నెడు నీరు, కొంచెము అంటుపట్టీ ఉన్నచో చాలును.

నాణెముతో గోడను తట్టుచు పోవలెను. గట్టిగా నున్నచోట 'టక్కు'మని మ్రోగును. గార ఇటుకనుండి విడిపడినచోట డొల్ల శబ్దము వచ్చును. అట్టి చోట్లను సుద్దతో చుట్టగీసి గుర్తుపెట్టవలెను. పిదప కనబడని మూలను కత్తిమొనతో గీయవలెను. తెల్లగానో గోధుమవన్నెగానో ఉండి సులభముగా పొడి రాలినచో సున్నపు గార. బూడిదవన్నె గలిగి గీత పడుటకు మొరాయించినచో సిమెంటు. మూడవది, గోడపై నీటి చుక్కలు చల్లి చూడవలెను. వెంటనే ఇంకినచో గోడ ఊపిరి తీయుచున్నది. ముత్యములవలె జారినచో దానిపై నీరు చొరని రంగు గలదు. నాలుగవది, అంటుపట్టీని గట్టిగా అద్ది ఒక్కసారిగా లాగవలెను. పట్టీతో రంగు ఊడివచ్చినచో ఆ పొర క్రొత్త రంగు బరువును మోయజాలదు. అరచేయి ఆనించినపుడు తెల్లని పొడి అంటినచో అది ప్రాతబడిన వెల్ల.

ఈ చివరి పరీక్ష ముఖ్యమైనది. పొడి రాలు వెల్లపై ప్లాస్టికు రంగు వేసినచో అది వెల్లనే పట్టుకొనును గాని గోడను పట్టుకొనదు. రెండును కలిసి ఊడును. అట్లే ప్లాస్టికు రంగుపై సున్నపు వెల్ల నిలువదు. కావున క్రింద ఏమి గలదో తెలియక పైన ఏమి వేయవలెనో నిశ్చయింపరాదు.

గీకుట, అందలి అపాయము

ఇక రెండవ కీడును గూర్చి చెప్పెదను. సున్నపు గోడనుండి వదులైన వెల్లను గీకుటలో కంటిలోను ముక్కులోను దుమ్ము పడకుండ చూచుకొన్న చాలును. కొయ్య కిటికీలు, తలుపులు, వరండా కటకటాలు, ఇనుప ఊచలు, వీనిపైనున్న ప్రాత నూనె రంగు విషయము అట్టిది కాదు. ఆ రంగులలో సీసముండుటకు అవకాశము మెండు. తెలుపునకును, రంగు త్వరగా ఆరుటకును, ఇనుముకు తుప్పు పట్టకుండుటకును, పసుపు, ఎరుపు వన్నెలు మెరయుటకును సీసపు పదార్థములను కలుపుట పూర్వాచారము.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు పిల్లలలో సీస విషము లక్షణములు కనబడగా, దానికి మూలము వరండా కటకటాల రంగు అని లాక్‌హార్ట్ గిబ్సన్ అను నేత్రవైద్యుడు 1904లో ప్రకటించెను. ఎండకు పొడిబారిన రంగు పిల్లల చేతులకు అంటి, చేతులనుండి నోటికి పోవుచున్నదని ఆయన చెప్పెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇండ్ల లోపలి పనిలో తెల్ల సీసపు రంగును నిషేధించు ఒడంబడిక చేసెను. అమెరికా 1978లో ఇండ్ల రంగులలో సీసమును నిషేధించెను. మన దేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినవి. వాని ప్రకారము ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. గిబ్సన్ హెచ్చరికకును, మన నియమమునకును నడుమ నూటపదమూడేండ్లు గడచినవి. ఆ కాలమంతయు పూసిన రంగు మన తలుపులపై పొరలు పొరలుగా నిలిచియే యున్నది.

సీసము దేహమున చేరుటకు ఇంత వరకు పరవాలేదు అను హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెద్దలకంటె పసివారి దేహము దానిని ఎక్కువగా గ్రహించును. అది వారి మెదడు ఎదుగుదలను కుంటుపరచును. గ్రహణశక్తిని, ఏకాగ్రతను తగ్గించును. జ్వరమువలె పైకి కనబడదు. చదువులో వెనుకబడిన పిల్లవానిని మందలించు ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి తెలిసియుండుట మిక్కిలి అవసరము. ఈ సమస్యను దేశము దృష్టికి తెచ్చుటలో మన బెంగుళూరు ముందు నిలిచినది. 1999లో సీస విషమును గూర్చిన అంతర్జాతీయ సమావేశము ఈ నగరముననే జరిగినది.

కావున 2017కి ముందు వేసిన నూనె రంగులో సీసమున్నదనియే తలచి పని నడుపవలెను. అది చెదరక గట్టిగా అంటియున్నచో అంతయు గీకి తీయ నక్కరలేదు; కడిగి, తడిగా కొంచెము గరుకు చేసి, దానిపైననే వేయవచ్చును. రాలుచున్న భాగమును మాత్రము నీటితో తడిపి గీకవలెను. పొడిగా రుద్దరాదు. యంత్రముతో అరగదీయరాదు. మంటతో కాల్చి ఊడదీయుట అన్నిటికంటె చెడ్డది. సీసపు పొగ ఊపిరితిత్తులలోనికి పోవును. క్రింద మందమైన ప్లాస్టికు గుడ్డ పరచి, రాలినదంతయు దానిలోనే చుట్టి కట్టి, నగరపాలక సిబ్బందికి అపాయకరమైన చెత్తగా వేరుచేసి ఇయ్యవలెను. తులసికోట దగ్గరనో, కూరపాదులలోనో పారవేయరాదు. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. పని జరుగు దినములలో పసిపిల్లలును, గర్భిణులును ఆ యింట నుండకుండుట మేలు. పనివారు ముక్కునకు తగిన ముసుగు ధరించి, చేతులు కడుగుకొన్న పిదపనే ఆహారము తీసికొనవలెను. పని బట్టలతో తమ పిల్లల దగ్గరకు పోరాదు. పనివాని పిల్లలును పిల్లలే గదా!

శుభ్రపరచుట, మరమ్మతు

గోడకు పూసిన తెల్లని ఉప్పును మొదట పొడి కుంచెతో దులిపి ఎత్తివేయవలెను. నీటితో కడిగినచో అది కరిగి మరల గోడలోనికే పోవును. పాచి పట్టినచోట పలుచని బ్లీచింగు నీటిని పూసి, కొంతసేపు ఉంచి, కొబ్బరి పీచు కుంచెతో రుద్ది కడుగవలెను. త్వరగా శుభ్రమగునని ఆమ్లము వాడుదురు. సున్నము ఆమ్లములో కరిగిపోవును గావున అది గోడనే తినివేయుట. బ్లీచింగు పొడితో ఆమ్లము కలిసినచో విషవాయువగు క్లోరిను పుట్టును. బలమైన నీటిధారను యంత్రముతో కొట్టుటయు ప్రాత గారకు తగదు.

డొల్లగా నున్న గారను చుట్టగీసిన మేరకు కొట్టివేసి, ఇటుకల సందులను దులిపి, నీటితో తడిపి, ఒక పాలు సున్నమునకు మూడు పాళ్లు ఇసుక చొప్పున కలిపిన గారను పలుచని పొరలుగా పూయవలెను. పగుళ్లను లోతుగా విప్పి శుభ్రపరచి అదే గారతో నింపవలెను. పూసిన చోటును తడి గోనెపట్టాతో కప్పి వారము దినములు చెమ్మగా నుంచవలెను. సున్నము గట్టిపడుటకు ఆతురత పనికిరాదు. పగులు వెడల్పగుచున్నట్లు తోచినచో దానిపై తేదీతో గుర్తుపెట్టి, కొన్ని నెలలు చూచి, పెరుగుచున్నచో ఇంజనీరునకు చూపవలెను. అది రంగువాని పని కాదు.

క్రొత్త గారపై నూనె రంగు వేయరాదు. ఆరని సున్నము క్షారము, రంగులోనిది నూనె. ఈ రెండును కలిసినచో సబ్బగునని ఎనిమిదవ తరగతి విద్యార్థియు చెప్పగలడు. గోడపై సబ్బు ఏర్పడిన పిమ్మట రంగు నిలుచుట ఎట్లు?

ఊపిరి తీయు గోడకు సున్నపు వెల్లయే ఉత్తమము. నానిన సున్నమును గుడ్డలో వడగట్టి, పలుచని పాలవలె చేసి, కొంచెము తుమ్మబంక నీరు చేర్చి, గోడను ముందుగా తడిపి, దినమునకొకటి చొప్పున మూడు పలుచని పూతలు వేయవలెను. చిటికెడు నీలిమందు తెలుపునకు మెరుగిచ్చును. రంగు కావలెనన్నచో జాజు, పసుపుమన్ను వంటి మట్టిరంగులు సున్నమునకు తట్టుకొని నిలుచును. మన పల్లెలలో అవ్వలు గోడ అడుగున దిద్దిన జాజుపట్టెలో ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది. సున్నము కంటికి తగిలినచో మిక్కిలి అపాయము. వెంటనే పుష్కలముగా నీటితో కడిగి వైద్యుని చూడవలెను.

సిమెంటు గార గల ఇల్లైనచో, వదులైన పొరలను తీసి, పగుళ్లను పూడ్చి, వెలుపలి గోడలకు తగిన ప్రైమరు వేసి, అటుపిమ్మట ఎమల్షను రంగు వేయవచ్చును. గోడ పూర్తిగా ఆరినదో లేదో తెలియుటకు ఒక జానెడు ప్లాస్టికు కాగితమును నాలుగంచులు అంటించి ఒక దినము ఉంచి చూడవలెను. దాని వెనుక చెమ్మ చేరినచో ఇంకను ఆగవలెను.

కొయ్య, ఇనుము

మెత్తబడిన కొయ్యను కత్తిమొనతో గ్రుచ్చి చూడవలెను. చెద తిన్నచోట కత్తి సులభముగా దిగును. ఆ భాగమును తీసి మంచి కొయ్య అతికింపవలెను గాని లప్పముతో నింపి దాచరాదు. గరుకు కాగితముతో రుద్దునపుడు కొయ్య పోగుల దిశనే, ప్రాత రంగు గలచోట తడిగానే రుద్దవలెను. మొదట ప్రైమరు, తరువాత లప్పము, మరల రుద్దుట, పిదప రంగు: ఇది క్రమము. లప్పమును ఉత్త కొయ్యకు పెట్టినచో కొయ్య దానిలోని నూనెను పీల్చివేయును. లప్పము ఎండి రాలును. ఇనుప ఊచల తుప్పును పోగొట్టిన దినముననే సీసము లేని ప్రైమరు పూయవలెను. ఒక్క రాత్రి చెమ్మకే తుప్పు మరల మొదలగును.

ఋతువు

బెంగుళూరున సంవత్సరమునకు సుమారు 970 మిల్లీమీటర్ల వాన కురియును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వాన హెచ్చు. వేసవిలోను ఏప్రిలు, మే నెలలలో జల్లులు పడును. కావున అక్టోబరు వానలలో నీటి జాడ చూచి, నవంబరు చివర మరమ్మతులు మొదలిడి, జనవరి మొదలు మార్చి వరకు రంగు వేయుట మన యూరికి తగిన క్రమము. మంచు తడి ఆరిన పిదప ప్రొద్దున పని ఆరంభింపవలెను. ఎండ నేరుగా కాయుచున్న గోడను విడిచి నీడ గోడను ముందు చేపట్టవలెను. పరంజా కట్టునపుడు విద్యుత్తు తీగలకు దూరముగా కట్టించుట యజమాని బాధ్యత.

పనివానితో బేరమాడునపుడు, "చదరపుటడుగునకు ఎంత?" అని మాత్రమే అడుగరాదు. "గోడను ఏమేమి చేసి సిద్ధపరచెదవు? ప్రాత రంగును తడిపి గీకెదవా, పొడిగానా?" అని అడిగి, ఆ పనికి వేరుగా కూలి నిర్ణయింపవలెను. సిద్ధపరచు పనికి కూలి చూపనివాడు ఆ పని చేయడు. చేయుమని కోరుటయు న్యాయము గాదు.

విద్యార్థులారా! ఈ వానకాలమున మీలో ప్రతి ఒక్కరును మీ యింటిచుట్టు ఒకసారి తిరిగి, పైన చెప్పినట్లు గోడల పటము గీసి, తడి, పాచి, ఉప్పు, పగులు ఎచటెచట నున్నవో గుర్తించి తెండు. తాతగారుగాని అమ్మమ్మగారుగాని యింట నున్నచో, ఆ గోడకు మొదట ఏమి పూసిరో, ఎవరు పూసిరో అడిగి పటము క్రింద వ్రాయుడు. అద్దె యింట నున్నవారు ఆ యింటి పటమునే గీయవచ్చును. రోగము గుర్తించుటకు సొంత యిల్లు కానక్కరలేదు. సంక్రాంతికి రంగు వేయింప నెంచిన తలిదండ్రులకు ఆ పటము దుకాణములోని రంగుల పటముకంటె ముందు చూడవలసినది.